హాన్ సోలో బ్లాస్టర్ రెసిన్ కిట్: ముక్కల నుంచి ఆఖరి మెరుగు దాకా

స్టార్ వార్స్ సినిమాల్లో హాన్ సోలో అనే పాత్ర పట్టుకునే తుపాకీ పేరు బ్లాస్టర్. దాని నమూనాను రెసిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే ఒక రకం ప్లాస్టిక్) ముక్కలతో మనమే తయారుచేసుకునే కిట్ ఇది. పెట్టె తెరవగానే మొదట కాస్త నిరాశ కలుగుతుంది. తెరమీద చూసిన నల్లటి తుపాకీ అందులో ఎక్కడా కనబడదు. మీగడ రంగులో పదో పదిహేనో ముక్కలు, అంచుల వెంట రేకుల్లా వేలాడే రెసిన్ పొరలు, పట్టుకుంటే వేళ్ళకు అంటే జిడ్డు. కిట్ మనకిచ్చేది ఆకారం మాత్రమే. ఇనుము, చెక్క, బరువు, పాతదనం అన్నీ మనమే తేవాలి. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం కూడా అదే.

పని మొదలుపెట్టే ముందు ఆ అసలు తుపాకీ గురించి రెండు మాటలు తెలుసుకోండి, ఎందుకంటే తరవాత వేసే ప్రతి రంగూ దాని మీదే ఆధారపడుతుంది. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో హాన్ సోలో నడుముకు వేలాడే డీఎల్-44 బ్లాస్టర్ కోసం ఎవరూ కొత్తగా ఆకారం గీసి తయారుచేయించలేదు. లండన్‌లో సినిమాలకు ఆయుధాలు అద్దెకిచ్చే బాప్టీ సంస్థలోని నిజమైన మౌజర్ సీ96 పిస్తోలు తీసుకుని, దాని మీద హెన్సోల్ట్ దూరదర్శిని, గొట్టం చివర ఎంజీ 81 అనే విమాన మెషిన్‌గన్ తాలూకు మూతిముక్క బిగించారు. పాత వస్తువులు ఏరి తెచ్చి ఇలా కలపడమనే పద్ధతి వెనక ఉన్నది సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్. ఆ సినిమాలో వాడిన ఒక బ్లాస్టర్ 2022లో అమెరికాలోని రాక్ ఐలాండ్ వేలంలో పది లక్షల డాలర్లు దాటి పలికింది.

మౌజర్ సీ96ను జర్మనీలో 1896 నుంచి 1937 దాకా తయారుచేశారు. చీపురు పిడిలా గుండ్రంగా ఉండే చెక్క పట్టు దాని గుర్తు. అంటే మన కిట్ వెనక ఉన్నది రసాయనంతో నల్లబరిచిన నిజమైన ఉక్కు, నిజమైన వాల్‌నట్ చెక్క, ఎన్నో చేతుల్లో నలిగిన పాత పనిముట్టు. అందుకే ప్రతి ముక్క దగ్గరా రెండే ప్రశ్నలు వేసుకోండి. ఇది ఇనుమా, చెక్కా? ఇక్కడ చెయ్యి తగిలేదా, తగలదా? ఈ రెండింటికీ జవాబు దొరికితే రంగు దానంతట అదే తేలుతుంది.

ఇంకొక మాట. 1977, 1980, 1983 సినిమాల్లో ఈ బ్లాస్టర్లు ఒక్కలా ఉండవు. మూతిముక్క, దూరదర్శిని బిగింపు మారుతూ వచ్చాయి. మీ కిట్ ఏ సినిమాదో చూసుకుని ఆ ఒక్క సినిమా ఫొటోలే దగ్గర పెట్టుకోండి. మూడింటినీ కలిపితే చివరికి ఏదీ కాని వస్తువు తయారవుతుంది. వాటితోపాటు పాత మౌజర్ సీ96 ఫొటోలు కూడా నాలుగు తీసి పెట్టుకోండి. అరుగుదల ఎక్కడ వస్తుందో నేర్పేవి అవే.

కడగడం

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. నా మొదటి కిట్‌కు నేనూ వదిలేశాను. రంగు అద్దంలా కుదిరింది, ముచ్చటపడ్డాను. పట్టు చెక్కకు రంగు వేయడానికి నల్లభాగం మీద మాస్కింగ్ టేప్ అంటించి, ఆరాక లాగితే, టేపుతోపాటు వేలెడు వెడల్పున రంగు, దాని కింది ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే అడుగు పూత) రెండూ ఊడి వచ్చాయి. కింద మీగడ రంగు రెసిన్ శుభ్రంగా కనిపించింది. వేలు పెడితే జారింది. సిలికాన్ అచ్చు నుంచి పోత సులువుగా ఊడి రావడానికి చల్లిన మందు అది. ఆ మందు రంగును కూడా అలాగే ఊడదీస్తుంది.

గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ముక్కల్ని అరగంట నాననివ్వండి. పాత టూత్‌బ్రష్‌తో, ముఖ్యంగా గాట్లలో, గట్టిగా రుద్దండి. మంచినీళ్ళతో కడిగి, గుడ్డ మీద రాత్రంతా ఆరబెట్టండి. పొద్దున్నే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. ఇక అక్కడి నుంచి ముక్కల్ని వట్టి చేతులతో ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది.

గొట్టం వంకర పోయి వస్తే కంగారు పడకండి, సన్నటి పొడుగు ముక్కలకు అది మామూలే. బాగా వేడెక్కిన నీళ్ళలో, మరిగేవి కాదు, చెయ్యి పెట్టలేనంత వేడి చాలు, రెండు మూడు నిమిషాలు ఉంచితే పాలీయూరిథేన్ రెసిన్ మెత్తబడుతుంది. బయటికి తీసి, చదునైన గాజుపలక మీద దొర్లిస్తూ తిన్నగా చేసి, అలాగే పట్టుకుని చన్నీళ్ళలో ముంచండి. ఆ ఆకారం నిలిచిపోతుంది.

అతుకు గీతలు, దుమ్ము

అచ్చు రెండు సగాలు కలిసిన చోట ప్రతి ముక్కకూ ఒక గీత ఉంటుంది. రెసిన్ పోసిన చోట మిగిలిపోయిన మొండి ముక్క ఉంటుంది. ఆ మొండి ముక్కను సన్నపళ్ళ రంపంతో, ముక్కకు మరీ దగ్గరగా కాకుండా కోసి, మిగిలినదాన్ని ఆకురాయితో దించండి. గీతల్ని మాత్రం ఆకురాయితో కాకుండా కత్తి మొనను నిలువుగా పట్టి గోకితే అంచులు చెడవు.

రెసిన్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పొడిగా రుద్దకండి. వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం) వాడి, పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, తడిపి రుద్దండి. కోసేటప్పుడు, డ్రిల్ చేసేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకోండి. స్ప్రే చేసేటప్పుడు ఆ మాస్క్ సరిపోదు, రంగుల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పనంతా డాబా మీదో, వెనక వరండాలోనో పెట్టుకోండి.

సీల, బరువు, జిగురు

జిగురు తియ్యకముందే మొత్తం తుపాకీని రబ్బరు బ్యాండ్లతో కట్టి చూడండి. ఏ ముక్క ఎక్కడ కూర్చోవడం లేదో, ఎక్కడ సందు వస్తోందో అప్పుడే తెలుస్తుంది. పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోండి.

ప్లాస్టిక్ మోడళ్ళకు వాడే జిగురు రెసిన్ మీద పనిచేయదు. అది ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, రెసిన్ దానికి కరగదు. చిన్న ముక్కలకు ఫెవిక్విక్ లాంటిది, బరువు మోసే చోట రెండు ట్యూబుల అరాల్డైట్. ఎంత మంచి జిగురైనా గొట్టాన్ని ఒంటరిగా మొయ్యలేదు. కిందపడిన మొదటిసారే ఊడిపోతుంది. లోపల సీల వెయ్యాలి.

సీలకు నాకు అన్నిటికన్నా బాగా కుదిరింది సైకిల్ స్పోక్. సైకిల్ షాపులో విరిగినవి అడిగితే ఊరికే ఇస్తారు. చాలావాటి మందం 2 మిల్లీమీటర్లు, ఉక్కు, తుప్పు పట్టడం తక్కువ. గొట్టం అడుగున మధ్యలో 2 మిల్లీమీటర్ల బిట్‌తో చేత్తో తిప్పుతూ రంధ్రం చెయ్యండి. ఎదుటి ముక్కలో రంధ్రం సరిగ్గా దాని ఎదురుగా రావాలి కదా, దానికి ఒక ఉపాయం ఉంది. మొదటి రంధ్రంలో స్పోక్ ముక్క పెట్టి, పైకి పొడుచుకొచ్చిన కొన మీద చిన్న రంగు చుక్క పెట్టి, రెండు ముక్కల్నీ తిన్నగా ఆనించి తియ్యండి. చుక్క అంటిన చోటే డ్రిల్ చెయ్యండి. ఒక అంగుళం లోపలికి పోతే చాలు. అరాల్డైట్ పూసి దూర్చి, ఇరవై నాలుగు గంటలు కదపకండి.

బరువు సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి, అతికించాక దారి ఉండదు. నిజమైన మౌజర్ సుమారు 1.1 కిలో ఉంటుంది. రెసిన్ ముక్కలు చేతిలో తేలిపోతాయి. బోలుగా ఉన్న పట్టులో, గుళ్ళ (తూటాల) పెట్టెలో ఇనుప నట్లు, చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు అరాల్డైట్‌లో ముంచి నింపండి. బరువంతా వెనక పెట్టకండి, ట్రిగ్గర్‌కు కొంచెం ముందు ఉంటే చేతిలో నిజమైన తుపాకీలా కూర్చుంటుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

లప్పం

అసలు పని ఇక్కడే ఉంది. రంగు గురించి అందరూ మాట్లాడతారు గానీ, చూసేవాళ్ళు ఒక్క చూపులో రెసిన్ అని పసిగట్టేది లప్పం సరిగ్గా పెట్టని చోటే. ఉక్కుకు సూదిబెజ్జాలు ఉండవు, అతుకు గీత ఉండదు.

పెద్ద సందులకు ఎం-సీల్ పిసికి దూర్చి, తడి వేలితో నున్నగా చెయ్యండి. గాలిబుడగలు పగిలిన గుంతలకు వంటసోడా చిటికెడు నింపి మీద ఫెవిక్విక్ చుక్క వేస్తే క్షణంలో రాయిలా గడ్డకడుతుంది. కాకపోతే ఆ గంటలోనే రుద్దెయ్యాలి, మర్నాటికి అది చుట్టూ ఉన్న రెసిన్ కన్నా గట్టిపడిపోయి చుట్టుపక్కల మాత్రమే అరుగుతుంది. సూదిబెజ్జాలకు కారు పెయింటర్లు వాడే ఎన్‌సీ పుట్టీ. దాన్ని పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పల్చగా పూయాలి. ఒకేసారి మందంగా పెడితే ఆరేకొద్దీ కుంగి గుంత మళ్ళీ తేలుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో నిలబడి చూసి నేర్చుకున్న సంగతి ఒకటి చెప్పాలి. అక్కడి మేస్త్రి కారు తలుపు మీద లప్పం రుద్ది, కళ్ళు మూసుకుని అరచేత్తో మెల్లగా నిమిరాడు. ఒకచోట ఆగి గోటితో గుర్తు పెట్టాడు. నాకు అక్కడ ఏమీ కనబడలేదు. "చూస్తే తెలీదు బాబూ, చెయ్యి పెట్టు" అన్నాడు. పెట్టాను. వెంట్రుకంత ఎత్తు తగిలింది. అప్పటి నుంచి నేను ప్రతి అతుకునూ కళ్ళు మూసుకునే పరీక్షిస్తాను. మీరూ అలాగే చెయ్యండి.

వాటర్ పేపర్ 220 నంబరుతో మొదలుపెట్టి, 400, 800కు వెళ్ళండి, నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నబడుతుంది. చదునైన పక్కలకు కాగితాన్ని చిన్న చెక్కబిళ్ళకు చుట్టి రుద్దండి, లేకపోతే వేళ్ళ మధ్య పల్లాలు పడతాయి. మౌజర్ పక్కలు చదును చేసిన ఉక్కు, అంచులు పదునుగా ఉండాలి. రుద్ది రుద్ది అంచుల్ని గుండ్రం చేస్తే సబ్బుబిళ్ళలా కనిపిస్తుంది.

ఆ తరవాత బూడిద రంగు ప్రైమర్. అరచెయ్యి చాపినంత దూరం, అంటే ఇరవై ఇరవై అయిదు సెంటీమీటర్లు, పల్చటి పూతలు రెండు. ప్రైమర్ తప్పులన్నీ బయటపెడుతుంది. ఎంత రుద్దినా మొదటి పూతకు పదిచోట్ల బెజ్జాలు కనబడతాయి. మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దుడు, మళ్ళీ ప్రైమర్. నాకు ఏ కిట్‌కూ మూడుసార్లకు తక్కువ పట్టలేదు. విసుగొస్తే ఆ రోజుకు ఆపేయండి గానీ, రంగు కప్పేస్తుందిలే అనుకోకండి. మెరిసే రంగు ఏదీ కప్పదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది.

ఇనుము

నిజమైన తుపాకీలో ముందు ఉక్కు ఉంది, దాని మీద నలుపు ఎక్కింది, చేతులు తగిలిన చోట ఆ నలుపు పోయి ఉక్కు బయటపడింది. మనం కూడా అదే వరసలో వెళ్ళాలి. నలుపు మీద వెండిరంగు గీతలు పెట్టేవాళ్ళున్నారు, నేనైతే వద్దంటాను. దగ్గర నుంచి చూస్తే నలుపు మీద వెండి కొంచెం ఎత్తుగా కూర్చుని కనబడుతుంది. అరుగుదల ఎప్పుడూ పల్లంలో ఉంటుంది.

ముందు ఇనుప భాగాలన్నిటికీ ఉక్కు రంగు లేదా అల్యూమినియం రంగు లాకర్ స్ప్రే. పూర్తిగా ఆరాక, ఒకరోజు ఆగి, దాని మీద క్లియర్ లాకర్ (రంగులేని పారదర్శక పూత) ఒక పూత. ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి.

ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరం) ఉంటే హెయిర్‌స్ప్రే పద్ధతి మంచిది. మామూలు హెయిర్‌స్ప్రే రెండు పల్చటి పూతలు కొట్టి పావుగంట ఆరనివ్వండి. దాని మీద నీళ్ళతో కలిసే అక్రిలిక్ నలుపు, అందులో పదో వంతు ముదురు నీలం. నల్లబరిచిన ఉక్కులో వెలుగు పడితే కనీకనబడని నీలిఛాయ ఉంటుంది, అది ఈ చిన్న పాలుతో వస్తుంది. గంటలోపే, కుచ్చు కత్తిరించిన గట్టి బ్రష్‌ను నీళ్ళలో ముంచి, అరగాల్సిన చోట తడిపి నిమిషం ఆగి మెల్లగా రుద్దండి. అడుగున హెయిర్‌స్ప్రే కరిగి, నలుపు పొలుసుల్లా లేచి, కింద ఉక్కు బయటపడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. అక్కడే జాగ్రత్త కూడా కావాలి, చెయ్యి ఆగదు.

స్ప్రే డబ్బాలు తప్ప ఏమీ లేకపోతే నలుపు లాకర్ పల్చగా కొట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, 1500 వాటర్ పేపర్‌ను తడిపి అంచుల మీద నాలుగైదుసార్లు మాత్రమే ఆనించండి. నలుపు పోయి వెండి రాగానే ఆపాలి. ఇంకో రెండుసార్లు రుద్దితే మీగడ రెసిన్ బయటపడుతుంది.

ఏ దారైనా, ఎక్కడ అరగదీయాలన్నదే ముఖ్యం. ఒరలోకి తోసి తీసేటప్పుడు రాసుకునే గొట్టం మూతి అంచులు, బొటనవేలు లాగే హ్యామర్ (తుపాకీ వెనక ఉండే మీట) కొన, వెనక బోల్టును పట్టి లాగే గుబ్బలు, గుళ్ళ పెట్టె అడుగు మూలలు, ట్రిగ్గర్ ముందుభాగం. అంతే. గాట్ల లోపల, దూరదర్శిని కింద, ట్రిగ్గర్ వెనక నలుపు నిండుగా ఉండాలి, ఎందుకంటే అక్కడికి ఏ వేలూ పోదు. అనుమానం వస్తే తుపాకీని చేత్తో పట్టుకుని, నడుము దగ్గర నుంచి పదిసార్లు తీసి చూడండి. చెయ్యి ఎక్కడ తగిలిందో అక్కడే.

పూత ఆరాక, సగం మెరుపు ఉండే క్లియర్ ఒక పూత కొట్టండి. అదీ ఆరాక ఆఖరున గ్రాఫైట్. 6బీ పెన్సిల్ ముల్లును ఉప్పుకాగితం మీద అరగదీసి పొడి చేసి, మెత్తటి గుడ్డతోనో వేలితోనో అంచుల మీద, గొట్టం పొడవునా రుద్దండి. నల్లటి పెయింట్ ఒక్కసారిగా లోహమైపోతుంది, చల్లగా తగులుతుందేమో అనిపిస్తుంది. గ్రాఫైట్ మీద మళ్ళీ క్లియర్ కొట్టకండి, ఆ మెరుపు చచ్చిపోతుంది. కొద్దిరోజులు చేతికి మసి అంటుతుంది, పొడిగుడ్డతో బాగా తుడిస్తే తగ్గిపోతుంది.

చెక్క

పట్టు ముక్కల్ని విడిగా రంగు వేసి చివర్లో బిగించండి. ముందు లేత పసుపు మట్టిరంగు అక్రిలిక్ నిండుగా. ఆరాక బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియన్నా ఆయిల్ రంగుల్ని కొంచెం టర్పెంటైన్‌తో పల్చన చేసి మొత్తం పూసి, పది నిమిషాలాగి, పొడిగా ఉన్న గట్టి బ్రష్‌తో ఒకే దిక్కున, పై నుంచి కిందికి లాగండి. కుచ్చు వెంట్రుకలు చారలు విడుస్తూ పోతాయి, అవే చెక్క నరాలు. చేతిని కాస్త వణకనివ్వండి, మరీ తిన్నటి గీతలు చెక్కలో ఉండవు. పట్టు మీది గాడుల్లో ముదురు రంగు నిలవనిచ్చి, గట్ల మీద గుడ్డతో తుడిచేస్తే అరచేతి నూనెకు నునుపుదేలిన పాత చెక్కలా వస్తుంది. ఆయిల్ రంగు ఆరడానికి నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. ఆ తరవాతే వార్నిష్, అదీ మరీ మెరవనిది.

దూరదర్శిని అద్దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను గుండ్రంగా కత్తిరించి, గొట్టం లోపల నలుపు పూశాక, ఫెవికాల్‌తో అతికించండి. ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరికి ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది. చివరగా గాట్లలో, స్క్రూ తలల చుట్టూ నలుపు, గోధుమ కలిపిన పల్చటి ఆయిల్ రంగు పారించి, పైపైన తుడిచెయ్యండి.

వాతావరణం, ప్రయాణం

మన దగ్గర స్ప్రేకు శత్రువు వాతావరణమే. శ్రావణమాసపు ముసురులో క్లియర్ లాకర్ కొడితే గాలిలో తేమ పట్టి పాలు పోసినట్టు తెల్లబడుతుంది. హైదరాబాద్‌లో ఒక జూలై మధ్యాహ్నం, చినుకులు ఆగాయి కదా అని కొట్టి, నాలుగు రోజుల పని పోగొట్టుకున్నాను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కొడితే రంగు గాలిలోనే ఆరి ఇసుక చల్లినట్టు పడుతుంది. ఆ కాలంలో పొద్దున్నే ఏడు, ఎనిమిది మధ్య మంచిది. చలికాలంలో డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి వాడండి. పొయ్యి మీద మాత్రం ఎప్పుడూ వేడి చేయకూడదు.

బయటికి తీసుకెళ్ళేటప్పుడు పెట్టెలోనే తీసుకెళ్ళండి. బైక్ మీద నడుముకు పెట్టుకుని వెళ్ళడం, వీధిలో ఎవరి వైపైనా గురిపెట్టి ఫొటోలు దిగడం అసలు వద్దు. పనితనం ఎంత బాగుంటే దూరం నుంచి చూసేవాళ్ళకు అంత నిజమైన తుపాకీలా కనబడుతుంది. విమానంలో క్యాబిన్ బ్యాగులో నమూనా ఆయుధాలను అనుమతించరు. కామిక్ కాన్ (కామిక్స్, సినిమా అభిమానుల వేడుక) లాంటి చోట్లకు వెళ్ళాలంటే వాళ్ళ నియమాలు ముందే చదువుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ళు బొమ్మ తుపాకుల మూతికి నారింజ రంగు ఉండాలన్న నిబంధనను గుర్తుంచుకోవాలి. మూతిముక్కకు సరిపడే నారింజ రంగు తొడుగు ఒకటి విడిగా చేసి పెట్టుకుంటే, బయట తొడిగి, ఇంట్లో అలమరలో తీసేయొచ్చు.

ఇంట్లో ఎండ నేరుగా పడని చోట, గొట్టానికీ పట్టుకూ రెండు చోట్లా ఆసరా ఇచ్చే చెక్క స్టాండు మీద పెట్టండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఒక్క గంట కూడా వదలకండి. వేడినీళ్ళకు తిన్నగా అయిన గొట్టం ఆ వేడికి మళ్ళీ వంగుతుంది.